నాలుక పరీక్ష

రెండు గోదావరి జిల్లాల్లో రాళ్ళ పిచ్చి పట్టిన ప్రతివాడికీ సువార్త మేడం నాలుక గురించి తెలుసు. తెలీదన్నాడంటే వాడికింకా పిచ్చి ముదరలేదని అర్థం.

రాజమండ్రిలో ఒక పాత కాలేజీ. దాని వెనక, సైకిల్ స్టాండు పక్కన, రెండు గదుల జియాలజీ డిపార్టుమెంటు. అందులో ఆవిడ ఇరవయ్యేడేళ్ళుగా పాఠాలు చెబుతోంది. పాఠాలు మామూలు రోజుల్లో. అసలు దర్బారు ఆదివారం పొద్దున. వరండాలో బల్ల వేయించుకుని, భూతద్దం ముందు పెట్టుకుని కూర్చుంటే, సొరచేప పళ్ళు ఏరుకునేవాళ్ళు ఒక్కొక్కరే దిగేవారు. టైలరు, రిటైరైన పోస్టుమాస్టరు, ఆటో నడిపేవాడు, అరటిపళ్ళ వ్యాపారి. అగ్గిపెట్టెల్లో, మాత్రల సీసాల్లో, పెళ్ళిళ్ళలో ఇచ్చిన తాంబూలం సంచుల్లో పళ్ళు తెచ్చేవారు. కొవ్వూరు అవతల సున్నపురాయి గుట్టలున్న చోట ఆరు కోట్ల ఏళ్ళ కిందట సముద్రం ఉండేది. అందులో తిరిగిన సొరలు బతికినన్నాళ్ళూ పళ్ళు రాల్చుకుంటూనే తిరిగాయి. ఆ రాలినవి రాయిగా మారి, ఇన్నాళ్ళకి వీళ్ళ కంటపడి, వీళ్ళ ఇళ్ళలో గొడవలు పెడుతున్నాయి.

"ఏ సొరదండీ ఇది?" అన్నదొక్కటే అందరి ప్రశ్న.

జవాబు చెప్పేముందు సువార్త పన్ను వేరుని నాలుక కొసకి ఆనించేది. రాయైన పన్నుకి పైభాగం గాజులా గట్టిగా ఉంటుంది గానీ, వేరు మాత్రం రస్కులా బోలుగా ఉంటుంది. నిజమైనదైతే తడి పీల్చుకుని నాలుక్కి టక్కున అంటుకుంటుంది. మొన్న మొన్న చచ్చిన చేపదైతే జారిపోతుంది. లక్కతో పోతపోసిన నకిలీదైతే చేదుగా తగులుతుంది. ఎమ్మెస్సీలో ఒక ముసలి మాస్టారు నేర్పిన పరీక్ష అది. ఆయన పోయినా అలవాటు ఈవిడకి మిగిలింది. "అంటుకుంది, అసలుదే" అనగానే ఎదురుగా కూర్చున్నవాడి మొహం వెలిగిపోయేది. ఆ మొహాల కోసమే ఆవిడ ఆదివారం ప్రార్థనక్కూడా డుమ్మా కొట్టేది. పాస్టరుగారు అడిగితే, దేవుడు చేసిన పళ్ళే కదండీ చూస్తున్నాను అనేది.

వచ్చినవాళ్ళందరికీ ఆవిడ అచ్చువేయించిన కాగితం ఒకటి ఇచ్చేది. "దొరికింది దొరికినట్టు తీసుకురండి. కడగవద్దు. రుద్దవద్దు. నీళ్ళు తగలనివ్వవద్దు. దాని మీది మురికి కూడా మనకి సమాచారమే." కింద పెద్దక్షరాల్లో ఆవిడ పేరూ సంతకం ఉండేవి.

తాతబ్బాయి వచ్చింది అలాంటి ఒక ఆదివారమే. సున్నంపాడు క్వారీలో రాయి కొట్టే మనిషి. నలభై దాటాయి, జుట్టు నిండా తెల్లటి దుమ్ము, అది వయసో సున్నమో తెలీదు. జేబురుమాల్లోంచి పన్ను తీసి బల్ల మీద పెట్టాడు. సువార్త ఎప్పట్లాగే నాలుక్కి ఆనించి, "బాగా అంటుకుంది. ఎక్కడిదయ్యా?" అంది.

అతను నేల చూపులు చూశాడు. "చెప్తే తిడతారేమోనండీ. క్వారీలో ఇలాంటియ్యి బయటికి తేనివ్వరండీ. గేటు కాడ జేబులు తడుముతారు, క్యారేజి ఇప్పించి చూస్తారు. అందుకని దవడన పెట్టుకుని వచ్చేనండీ. గేటు దాటగానే ఊసి రుమాల్లో కట్టేను."

"దవడన అంటే?"

"నోట్లోనండీ."

సువార్త కుళాయి దగ్గరికి పరిగెత్తింది. మూడుసార్లు పుక్కిలించి వచ్చేసరికి వరండాలో అందరూ పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. తాతబ్బాయి ఒక్కడే నవ్వలేదు. "కడగొద్దని కాయితంలో ఉందంట కదండీ, అందుకని కడగలేదండీ," అన్నాడు బుద్ధిగా. అప్పుడు ఆవిడకీ నవ్వొచ్చింది. ఆ తర్వాత రెండేళ్ళలో అతను ముప్పైరెండు పళ్ళు తెచ్చి ఆవిడ దగ్గరే ఉంచాడు, అన్నీ దవడలోంచే. ఆవిడ తిడుతూనే నాలుక్కి ఆనించింది. అలవాటంటే అదే మరి.

ఈ లోపు పక్కగదిలో ఫయాజ్ పెట్టె తయారైంది.

ఫయాజ్ ఫిజిక్స్ చెప్పే లెక్చరరు. ముప్పై అయిదేళ్ళవాడు, మాట తక్కువ. ఇనుప బీరువాలో పంపులూ గొట్టాలూ బిగించి మూడేళ్ళు దాంతోనే కాపురం చేశాడు. అటెండరు దానికి సోదిపెట్టె అని పేరు పెడితే అదే ఖాయమైంది. పన్ను వేరు ఎప్పుడు తడిసి ఆరినా, ఆ తడిలో ఉన్నది ఒక సన్నటి పొరగా లోపలి బెజ్జాల్లో మిగిలిపోతుంది. సముద్రానిది ఒక పొర, వానలది ఒక పొర, ఏరినవాడి చెమట ఒక పొర. పెట్టె ఆ వేరుని వేడిచేసి, పైనుంచి ఒక్కో పొరే ఊడదీస్తూ ఏ పొరలో ఏముందో కాగితం మీద గీతలుగా గీస్తుంది. చదివిన పొర కాలిపోతుంది. రెండోసారి చదవడమనేది లేదు.

రాళ్ళ పిచ్చోళ్ళు తమ చోటు ఎప్పుడూ నిజం చెప్పరు. పక్కవాడు వెళ్ళి ఏరుకుపోతాడని భయం. గుట్ట ఉత్తరాన దొరికితే దక్షిణమంటారు. అందుకే ఈ పెట్టె పుట్టింది. మొదట కూర్చోబెట్టింది పోస్టుమాస్టరు కామేశం గారి పన్నుని. అరచేయంత పన్ను, తనే వాగులో ఏరానని ఆయన పదేళ్ళుగా ఊరందరికీ చూపిస్తున్నాడు. పెట్టె దాన్ని చదివి, ఈ దేశపు సముద్రం కాదని, మీద జిగురు పూతా దాని కింద నాలుగు చేతుల చెమటా ఉన్నాయని గీసింది. కామేశం గారు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఏ ఆదివారమూ రాలేదు.

"ఆయన్ని అనవసరంగా ఏడిపించాం," అంది సువార్త.

"పెట్టె అబద్ధం చెప్పదు కదా మేడం," అన్నాడు ఫయాజ్.

"చెప్పదులే. అదే దాని రోగం."

పెట్టెకి ఇంకో తమాషా ఉంది. ఏ పన్ను పెట్టినా మొట్టమొదటి గీత సువార్తదే. ఆవిడ ఉమ్మి. ఫయాజ్ విసిగి విసిగి గోడకి "దయచేసి నాకవద్దు" అని బోర్డు పెట్టాడు. ఆవిడ దాన్ని చూసి నవ్వి, వరండాలోకి వెళ్ళి నాలుక్కి ఆనించుకు వచ్చేది. చివరికి అతనే ఆవిడ గీతని పెట్టెకి గుర్తు నేర్పించి, దానంతటదే తీసేసేలా చేశాడు. "మేడం గీత పోతే కింది గీతలు చెక్కుచెదరకుండా వస్తున్నాయి, ఇంక మీ ఇష్టం," అన్నాడు. సువార్త మనసు కుదుటపడింది.

ఆగస్టులో ఒక ఆదివారం, వాన వెలిసిన పొద్దున, ఒక ఆడమనిషి వరండా చివర నిలబడింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. బొట్టు లేదు. అందరూ వెళ్ళేదాకా ఆగి బల్ల దగ్గరికొచ్చింది. కొంగున ముడి విప్పి, అందులోంచి మాసిన జేబురుమాలు తీసి, దాని మడతలు విప్పి చెయ్యి చాపింది.

"ఇది ఏ సొరదో చెప్తారంట కదండీ."

సువార్త పొద్దుణ్ణుంచీ ఇరవై పళ్ళు చూసి ఉంది. ఇరవయ్యొకటోది అందుకుంది. వెడల్పాటి పన్ను, పక్కల రెండు చిన్న కొమ్ములు, ఎక్కడా విరగలేదు. చాలా రోజుల తర్వాత మంచి పన్ను చూస్తున్నానన్న సంతోషంలో వేరుని నాలుక్కి ఆనించింది. ఉప్పగా తగిలింది.

"అయ్యో! అదేంటండీ!" అని ఆమె కేక వేసింది. "అది మా ఆయన నోట్లోదండీ!"

సువార్త పన్నుని నాలుక మీంచి తీసింది. ఆ రుమాలుని అప్పుడు చూసింది. నీలం గళ్ళ రుమాలు. అది తను చాలాసార్లు చూసింది.

"నువ్వు తాతబ్బాయి..."

"ఆయ్. భార్యనండీ, వీరవేణి. పోయేడండీ ఆయన. పదిహేను రోజులైంది."

ఫయాజ్ లోపల్నుంచి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. వీరవేణి తాగలేదు. నిలబడే చెప్పింది. శనివారం సాయంత్రం పెనిమిటి పనినుంచి రాలేదు. ఆదివారం పొద్దున సారాకొట్టు మలుపులో రోడ్డు పక్కన శవం ఉందని కబురొచ్చింది. తాగి లారీ కింద పడ్డాడని పోలీసులు కాగితం రాశారు. క్వారీవాళ్ళు, అతను గురువారమే పని మానేశాడని, ఆ శనివారం అసలు గేటు లోపలికే రాలేదని చెప్పారు.

"ఆయన తాగడండీ. వాళ్ళ నాన్న తాగి తాగి పోయేడని, దగ్గు టానిక్కు కూడా ముట్టుకోడు. చొక్కా అంతా సారా కంపు. అది పోసిందండీ, తాగింది కాదు. ఆ రోజు గోతిలో రాయి పేల్చే మందు పేలి గోడ కూలిందని అందరికీ తెలుసు. ఒక్కడూ నోరిప్పడు."

"మరి ఈ పన్ను?"

"ఆసుపత్రిలో శవాన్ని కడిగే ఆయన ఇచ్చేడండీ. దవడలో ఈ రాయి ఉందమ్మా అని." ఆమె ఖాళీ రుమాలు మడిచింది. "గేటు దాటగానే ఊసేస్తాడండీ ఆయన. మీకు తెలుసు కదా. ఊయలేదంటే గేటు దాటలేదన్నమాట. ప్రాణంతో దాటలేదు."

సువార్త పన్ను వంక చూసింది. వాళ్ళు చొక్కా మీద పోశారు, రోడ్డు మీద పడేశారు, కాగితం రాయించారు. నోరొక్కటే వాళ్ళ చెయ్యి పడని చోటు. ఆ నోట్లో ఆఖరి ఘడియదాకా ఉన్నది ఈ పన్ను. అందులో అతని ఉమ్మి ఉంటుంది, అందులో సారా ఉండదు. క్వారీ పేలుడు మందు ఉంటుంది. నెత్తురు ఉంటుంది.

"నువ్వు దీన్ని కడిగావా?"

"లేదండీ. మేడం గారు కడగొద్దన్నారని ఆయనెప్పుడూ చెప్పేవోడు. మా అత్త పసుపునీళ్ళలో ముంచమంది. నేను తగవేసుకుని మరీ ఆపేను. నీటి బొట్టు తగల్లేదండీ. నా చేత్తో కూడా ముట్టుకోలేదు, ఆ గుడ్డతోనే పట్టుకున్నాను."

సువార్త తలుపులోంచి గోడకున్న బోర్డు వంక చూసి, ధైర్యం తెచ్చుకుని, పెట్టె సంగతి చెప్పింది. తన గీతని తీసేయొచ్చని, దాని కింద తాతబ్బాయి గీత పదిలంగా ఉంటుందని చెప్పింది. "తాగలేదని ఈ పెట్టె చేత చెప్పిస్తాను. ఏ విచారణలోనైనా నిలబడి చెబుతాను. నా మాట."

వీరవేణి మొదటిసారి కూర్చుంది. "నాకింకేం వొద్దండీ. మా ప్రశాంతి ఏడోతరగతి. బళ్ళో తాగుబోతు కూతురని పిలుస్తున్నారంట. ఆ కాయితం మీద ఆ ఒక్క ముక్క కొట్టేయిస్తే చాలండీ."

ఫయాజ్ మధ్యాహ్నం పెట్టె వెలిగించాడు. పంపు కూసింది. ముగ్గురూ కాగితం వంకే చూస్తూ నిలబడ్డారు. సూది కదిలింది, ఒక గీత గీసింది, ఆగింది. ఆ తర్వాత గీసిన గీతలన్నీ సున్నపురాయివి, పాత సముద్రానివి.

"మేడం గీత తీసేసి చూపించు," అంది సువార్త.

ఫయాజ్ మీట నొక్కాడు. ఉన్న ఆ ఒక్క గీతా పోయింది. దాని కింద రాయీ సముద్రమూ తప్ప ఏమీ లేదు.

అతను కాగితాన్ని దగ్గరగా పట్టుకుని చూశాడు. "మేడం, మనం ఇంతవరకూ చూసినవన్నీ నెలల తరబడి డబ్బాల్లో ఉన్నవి. పొర ఆరి గట్టిపడిపోయినవి. తాతబ్బాయివి కూడా మీరు చూసేసరికి ఎండకి ఆరినవే. ఇది పదిహేను రోజులుగా గుడ్డ మడతల్లోనే ఉంది, అందులోనూ వాన రోజులు. పొర ఇంకా పచ్చిగానే ఉంది. మీరు ఆనించగానే కరిగి మీ దాంట్లో కలిసిపోయింది. రెండూ ఒకటే గీత అయిపోయాయి."

"అందులో నెత్తురుందా?"

"ఉంది, కొంచెం. పేలుడు మందు కూడా ఉంది. కానీ ఎవరి నోరు అనడిగితే పెట్టె మీ పేరే చెబుతోంది. అదెరిగింది మిమ్మల్నే కదా."

వీరవేణికి గీతలు అర్థం కాలేదు గానీ మొహాలు అర్థమయ్యాయి. "ఏమైందండీ?" అంది. ఫయాజ్ పంపు ఆపాడు. "ఏమైందండీ?" అని మళ్ళీ అడిగింది.

చెప్పక తప్పలేదు. చెప్పింది. దాచకుండా, మెల్లగా, తన వల్లే పోయిందని చెప్పింది. వీరవేణి వింటున్నంతసేపూ ఆవిడ మొహం వంక చూడలేదు, నోటి వంకే చూసింది.

ఫయాజ్ కాగితం బల్ల మీద పెట్టాడు. "ఒక దారి ఉంది. మీ డ్రాయరులో తాతబ్బాయి పాత పళ్ళు ముప్పైరెండూ ఉన్నాయి. అవి పెట్టెలో పెట్టలేదు మనం. అదే క్వారీ, అదే నోరు. అతని పొర వాటిలో గట్టిపడి ఉంటుంది, మీ గీత తీసేసినా నిలుస్తుంది. పేలుడు మందు ఉంటుంది, సారా ఉండదు. వాటిలో ఒకటి పెట్టి ఇదే అదని..." అతను ఆపేశాడు.

వీరవేణి డ్రాయరు వంక చూసింది.

"పెట్టండి," అంది వీరవేణి. "అదే పెట్టండి మేడం గారూ. అబద్ధం కాదు కదండీ అది. ఆయన నోరే కదా. ఆయన తాగడన్నది నిజమే కదా."

సువార్త డ్రాయరు దాకా వెళ్ళింది. తెరిచింది కూడా. చిన్న చిన్న కాగితం పొట్లాలు, ఒక్కోదాని మీదా తన చేతిరాతతో పేరు, తేదీ. ఇరవయ్యేడేళ్ళలో ఆవిడ ఒక్క పొట్లం మీద కూడా తప్పు తేదీ వెయ్యలేదు. కామేశం గారి మొహం గుర్తొచ్చింది. పన్ను ఇక్కడిది కాకపోయినా ఆయన సంతోషం నిజమైనదే, అయినా ఒప్పుకోలేదు తను. ఇప్పుడు తన తప్పు కప్పుకోవడానికి తేదీ మార్చాలా? చెయ్యి డ్రాయరు మీద అలాగే ఉంది. ఒక్క పొట్లం తీస్తే ఒక పిల్ల తల ఎత్తుకుని బడికి వెళ్తుంది. అది తెలుసు. తెలిసే డ్రాయరు మూసేసింది.

"నావల్ల కాదమ్మా. ఏ రోజు పన్ను ఆ రోజుదని చెప్పడమే నా పని. అది తప్పితే నా మాటకి విలువ లేదు. ఉన్నదున్నట్టు చెబుతాను. పన్ను నోట్లో దొరికిందని చెబుతాను, నేను పాడుచేశానని చెబుతాను. వింటారు."

వీరవేణి లేచి నిలబడింది. ఏడవలేదు, అరవలేదు.

"నాలుక పెట్టేటప్పుడు అడ్డురాని నిజాయితీ ఇప్పుడెక్కణ్ణుంచి ఊడిపడిందండీ?" అంది.

విచారణ పదిరోజుల తర్వాత, ఒక సర్కారు ఆఫీసు మేడమీది గదిలో. తిరగలేని ఫ్యాను, దాని కింద అధికారి, పక్కన క్వారీ తరపు వకీలు. శవాన్ని కడిగిన మనిషి రాలేదు; ఊళ్ళో లేడన్నారు. సువార్త ఇస్త్రీ చీర కట్టుకుని, గీతల కాగితం పట్టుకుని నిలబడి, మొదట్నుంచి చివరిదాకా ఉన్నదున్నట్టు చెప్పింది. ఆవిడకి లోపల ఒక ఆశ ఉండేది. ఇంత నిజాయితీగా చెబితే ఎవరైనా కదులుతారని.

వకీలు మర్యాదస్తుడు. లేచి నమస్కారం పెట్టాడు.

"మేడం గారండీ, ఈ పెట్టె లెక్క ప్రకారం ఈ పన్ను ఆఖరున ఎవరి నోట్లో ఉంది?"

"నా నోట్లో. కానీ..."

"చిత్తం. మేడం గారు మద్యం పుచ్చుకుంటారాండీ?"

"లేదు."

"పెట్టె కూడా మద్యం లేదనే అంది. పెట్టె మంచిదేనండీ, నేను ఒప్పుకుంటున్నాను." గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. "మరి పేలుడు మందు ఉందన్నారు. ఇరవయ్యేడేళ్ళుగా మా క్వారీ రాళ్ళు నాకుతున్న నాలుక మీద మందు ఉండదాండీ? నెత్తురంటారా, పళ్ళు తోముకుంటే నాకూ వస్తుంది. ఈ పన్ను ఫలానా శవం నోట్లోదేనని కాగితం ఏమన్నా ఉందా? ఏ తేదీన ఎక్కడ దొరికిందో రాసుకోనిదాన్ని మీరే ఒప్పుకోరట కదా. మీరు అచ్చువేసిన కాగితం నా దగ్గరుంది. కడగవద్దు, తడి తగలనివ్వవద్దు అని ఎంత బాగా రాశారండీ!"

అధికారి గడియారం చూసుకున్నాడు. నలభై నిమిషాల్లో అయిపోయింది. పాత కాగితం మీద ముక్క అలాగే ఉండిపోయింది. మెట్ల దగ్గర సువార్త వీరవేణి కోసం నిలబడింది గానీ, ఆమె ఇంకో పక్క మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మరో రెండు వారాలకి ఆదివారం పొద్దున వీరవేణి మళ్ళీ వచ్చింది. వరండాలో టైలరూ ఆటోవాడూ ఉన్నారు. ఆమెని చూసి జరిగి చోటిచ్చారు. సువార్త గబగబా లోపలికి వెళ్ళి పన్ను తెచ్చింది. వేరు కాలి నల్లబడింది, పైభాగం మాత్రం మెరుస్తూనే ఉంది. దూదిలో పెట్టి చిన్న డబ్బాలో సర్ది ఆమె చేతికిచ్చింది.

"నన్ను క్షమించు వీరవేణీ. అడిగే హక్కు లేదని తెలుసు, అయినా అడుగుతున్నాను."

వీరవేణి ఆ మాట విననట్టే డబ్బాలోకి చూసింది. "ఇంతకీ ఇది ఏ సొరదండీ? ఆ రోజు అడిగేను, చెప్పనేలేదు. ఈసారి మంచిది దొరకాలి, మేడం గారికి చూపించాలి అనేవోడు. ఏది దొరికిందో ఆయనకి తెలీకుండానే పోయింది."

సువార్త డబ్బా వైపు వంగింది. "ఒటోడస్ అంటారు. చాలా పెద్ద సొర, ఇప్పుడు లోకంలో ఎక్కడా లేదు. ఇంత నిండుగా ఉన్న పన్ను ఈ గుట్టల్లో నేనెప్పుడూ చూడలేదు. అతనికి దొరికినవాటిల్లో ఇదే గొప్పది."

అని, బల్ల మీది పెద్ద రిజిస్టరు తెరిచింది. ఇరవయ్యేడేళ్ళ రిజిస్టరు. రాస్తూ పైకి చదివింది. "జాతి, ఒటోడస్. దొరికిన చోటు, సున్నంపాడు క్వారీ, లోపలి గొయ్యి. తీసినవారు, తాతబ్బాయి. తేదీ..." ఆ శనివారం తేదీ వేసింది. కింద సంతకం పెట్టి, రిజిస్టరు ఆమె వైపు తిప్పింది. ఇది నిజం, ఇది నేను రాశాను అన్నట్టు చూసింది. తనకి ఇంకా ఇవ్వగలిగిందేదో మిగిలిందనుకుంది, పిచ్చిది.

వీరవేణి వంగి ఆ గడి మీద వేలు పెట్టి, అక్షరాలు కూడబలుక్కుని చదివింది.

"ఇది ఆ రోజు ఆ ఆఫీసర్ గారికి చూపిస్తే చెల్లేదాండీ?"

"చెల్లదు. ఇది మా డిపార్టుమెంటు పుస్తకం."

"ప్రశాంతి బళ్ళో చూపిస్తే?"

సువార్త పెన్నుకి మూత పెట్టింది.

"మరెవరి కోసం రాసేరండీ?" అంది వీరవేణి. గొంతులో కోపం కూడా లేదు. టైలరు అగ్గిపెట్టెని అటూ ఇటూ తిప్పుతూ నేల చూస్తున్నాడు. ఆమె డబ్బా మూత పెట్టి, బల్ల మీదుగా సువార్త వైపే తోసింది.

"ఇది మీ దగ్గరే ఉంచుకోండి మేడం గారూ. ఆఖరున మీ నోట్లోదే అని కాయితం మీద రాశారు కదా."

సువార్త డబ్బా అందుకుని, తిరిగి ఇద్దామని చెయ్యి చాపింది. వీరవేణి అప్పటికే మెట్లు దిగింది. ఆమె సైకిల్ స్టాండు దాటి, గేటు దాటి కనబడకుండా పోయేదాకా, సువార్త ఆ చెయ్యి అలాగే చాపుకుని నిలబడింది.